వృద్ధుల ప్రాణానికి డిస్కౌంటా?

సంపాదకుల వారికి,

నాకు 72 ఏళ్లు. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు దాటాలంటే రోజూ టెన్షనే. ఇలాంటి చోట భద్రతకు పెట్టే ఖర్చు దండగా కాదా అని తేల్చడానికి ఆర్థికవేత్తలకు ఒక లెక్క ఉంది. పదివేల మందిలో ఒకరి చావును తప్పించే ఏర్పాటుకు ఒక్కొక్కరూ 500 రూపాయలు ఇవ్వడానికి సిద్ధపడ్డారనుకోండి, మొత్తం 50 లక్షలు. అదే ఒక ప్రాణానికి వాళ్లు కట్టే గణాంక విలువ. ఫలానా మనిషి ధర కాదది. ఇంతవరకు నాకు పేచీ లేదు.

పేచీ వయసు దగ్గరే. మిగిలిన ఏళ్లు తక్కువ కాబట్టి విలువా తక్కువేనని కొందరి వాదన. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఒక లెక్కలో 70 దాటినవారికి 37 శాతం కోత పెట్టింది. 2003లో పెద్దవాళ్లు గగ్గోలు పెట్టాక వదులుకుంది. అయినా ముప్పు తగ్గించుకోవడానికి మేమేం తక్కువ ఖర్చు పెడుతున్నాం? నా పెన్షన్‌లో బీపీ, షుగర్ మాత్రల వాటా చూస్తే చాలు.

కోత సంగతి తర్వాత. సిగ్నల్ దగ్గర నడిచేవాళ్లకు ఇంకో పది సెకన్లు ఇస్తే ఎంత ఖర్చవుతుందో మన అధికారులను ముందు లెక్క కట్టమనండి.

– ఒక పెన్షనర్, దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్