“మీరేమైనా అడుగుతారా?” అన్నాక ఏం చేయాలి

సంపాదకులకు నమస్కారం.

మీ ఉద్యోగాల పేజీలో ఇంటర్వ్యూకు ఏం తొడుక్కుని వెళ్లాలో, “మీ గురించి చెప్పండి” అంటే ఎలా మొదలుపెట్టాలో తరచూ వేస్తుంటారు. గదిలోంచి బయటికి ఎలా రావాలో మాత్రం ఎక్కడా కనబడదు. ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మన తెలుగు పిల్లలు చాలామంది వెళ్లేది సేల్స్ ఉద్యోగాలకే: సబ్బులు, బిస్కెట్లు, మందులు, ఎరువులు, టూవీలర్లు. ఆ ఇంటర్వ్యూల్లో చివరి ఐదు నిమిషాలను ప్యానెల్ ప్రత్యేకంగా గమనిస్తుంది. షావుకారుకి సరుకు చూపించి, రేటు చెప్పి, ఆర్డరు అడక్కుండా సంచీ సర్దుకునేవాణ్ని సేల్స్‌మన్ అనరు కదా. “మీరేమైనా అడుగుతారా?” అంటే “నథింగ్ సార్, థాంక్యూ” అని లేచేవాడు అక్కడ చేస్తున్నది సరిగ్గా అదే.

ముగింపు బాగుండాలంటే పని మొదట్లోనే మొదలవ్వాలి. ఈ స్థాయి పోస్టులకు ప్యానెల్లో సాధారణంగా ముగ్గురుంటారు: హెచ్ఆర్ నుంచి ఒకరు, ఏరియా సేల్స్ మేనేజర్, ఆయనపై రీజినల్ స్థాయి అధికారి. వాళ్లు పేర్లు చెప్పగానే కూర్చున్న వరుసలోనే చిన్న నోట్‌బుక్‌లో రాసుకోవాలి. ఎవరు దేని గురించి గుచ్చి అడిగారో పేరు పక్కన ఒక్క మాట చాలు: “బాకీలు”, “టూరింగ్”, “ఉద్యోగం మార్పు”. చివర్లో అక్కరకొచ్చేది ఆ కాగితమే. చాలామంది పెద్దాయన ముఖం చూస్తూనే మాట్లాడి లేచిపోతారు. రేపు రోజూ రిపోర్టు పంపించుకోవాల్సింది ఏరియా మేనేజర్‌కి. ఆయన్ని గాలికొదిలేస్తే, తలుపు మూశాక మన తరఫున మాట్లాడేవాళ్లు ఉండరు.

ప్రశ్నలు మూడు చాలు, మనిషికొకటి. ఏరియా మేనేజర్ని “టార్గెట్ ప్రైమరీ మీదా, సెకండరీ మీదా?” అని అడగాలి. కంపెనీ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లేది ప్రైమరీ, అక్కణ్నుంచి కొట్టుకి వెళ్లేది సెకండరీ. ప్రైమరీ ఒక్కటే చూసే చోట నెలాఖరున డిస్ట్రిబ్యూటర్ గోడౌన్‌లోకి సరుకు తోసేస్తారు, పై నెల మొదటి రెండు వారాలు అమ్మకం కదలదు. ఈ తేడా తెలిసినవాడు అడుగుతున్నాడని ఆయనకి ఒక్క ప్రశ్నతో అర్థమవుతుంది. రీజినల్ అధికారిని “ఈ టెరిటరీలో మొదటి 90 రోజుల్లో ఏది సరైతే మీకు తృప్తిగా ఉంటుంది?” అనడం మంచిది. హెచ్ఆర్‌ని ట్రైనింగ్ ఎన్నాళ్లు, ఎక్కడ అని అడిగితే సరిపోతుంది. “ఈ పోస్టు ఎందుకు ఖాళీ అయింది?” కూడా అడగదగ్గదే, కానీ గొంతులో అనుమానం వినబడకూడదు. కంపెనీ వెబ్‌సైట్లో మొదటి పేజీలోనే ఉన్నది అడగడం, సెలవులెన్ని అనడం, టీఏ, డీఏ (ప్రయాణ ఖర్చు, రోజువారీ భత్యం) లెక్కలు తీయడం చెడగొట్టేవి. అవి ఆఫర్ మాట వచ్చాక హెచ్ఆర్‌తో విడిగా మాట్లాడుకోవచ్చు. హెచ్ఆర్ తానే జీతం ఎత్తితే వేరు సంగతి, అప్పుడు నీళ్లు నమలకుండా అంకె చెప్పాలి.

అసలు కిటుకు ప్రశ్నల తర్వాత ఉంది. మన మీద అనుమానమేదో ప్యానెల్ ముఖాన చెప్పదు, మనం వెళ్లాక వాళ్లలో వాళ్లు అనుకుంటారు. అక్కడ జవాబివ్వడానికి మనం ఉండం. కాబట్టి ఉన్నప్పుడే బయటికి తీయాలి: “సార్, ఈ పోస్టుకి నేను సరిపోతానా అన్న విషయంలో ఇంకా ఏదైనా సందేహం మిగిలుంటే ఇప్పుడే చెప్పండి, జవాబిస్తాను.” షావుకారు “చూద్దాం” అన్నప్పుడు “రేటు దగ్గర ఆగారా, అరువు దగ్గర ఆగారా?” అని అడిగే పనే ఇదీ. ముగ్గురివైపూ ఒకసారి చూసి, ఆగాలి. ఆ నాలుగైదు క్షణాల నిశ్శబ్దం భరించలేక తమ ప్రశ్నకి తామే జవాబు చెప్పుకునేవాళ్లు ఎక్కువ. అక్కడే పని పోతుంది.

సందేహం చెబితే ముందు ఒప్పుకోవాలి, తర్వాత ఒక ఆధారం, మొత్తం 30, 40 సెకన్లు. “మీకు మందుల లైన్ కొత్త” అన్నారనుకోండి. “అవును సార్, మందులు కొత్త. బిస్కెట్లలో నా బీట్‌లో (నేను తిరిగే దారిలో) 40 కొట్లు. రోజుకి 16 బిల్లులు పడేవి, ఆరు నెలల్లో 20కి వచ్చాయి. కొట్టు తిరగడం, బాకీ రాబట్టడం వచ్చు. డాక్టరు దగ్గర ప్రొడక్ట్ చెప్పడం నేర్చుకోవాలి.” ఇంతే. “లేదు సార్, మీరు పొరబడ్డారు” అని వాదనకి దిగినవాడు రేపు డిస్ట్రిబ్యూటర్‌తోనూ ఇలాగే గొడవపడతాడనుకుంటారు. “సందేహమేం లేదు” అంటే “సంతోషం సార్” అని వదిలేయాలి. రెండోసారి గుచ్చితే, లేదా “అయితే నన్ను తీసుకుంటున్నట్టేనా?” అంటే, అప్పటిదాకా కూడబెట్టిందంతా పోతుంది.

ఆ తర్వాత ముక్తసరిగా ఒక ముగింపు, 45 సెకన్లు దాటకుండా. ఇంట్లో బట్టీపట్టిన మాటలు కాదు, నోట్‌బుక్‌లో రాసుకున్నవి వాడాలి. “మీరు చెప్పినదాన్ని బట్టి ఇక్కడ పనులు రెండు సార్: కొనడం మానేసిన కొట్లతో మళ్లీ కొనిపించడం, పాత బాకీలు తగ్గించడం. రెండూ చేసిన అనుభవం ఉంది. ఈ ఉద్యోగం నాకు కావాలి.” ఆఖరి వాక్యం చెప్పడానికి మనవాళ్లకి మొహమాటం. ఆర్డరు అడగడమంటే అదే మరి. అంకె చెబితే దాని వెనక లెక్క కూడా సిద్ధంగా ఉండాలి. రోజుకి నాలుగు బిల్లులు పెరిగాయంటే, నెలకి 25 పనిదినాలకి వంద బిల్లులు, బిల్లు సగటు 600 రూపాయలైతే 60 వేలు. “సేల్స్ మూడింతలు చేశాను” అన్నవాడిని “ఎంత నుంచి ఎంతకి?” అని అడుగుతారు, అక్కడ నోరు పెగలదు.

భాష సంగతి ఒకటి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా గంజాం, కొరాపుట్ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. ఇక్కడి బజార్లలో ఇప్పటికీ ఒక కొట్లో తెలుగు, పక్క కొట్లో ఒడియా వినబడుతుంది. తెలుగు మీడియం వాళ్లు తమ తెలుగుని లోపంగా దాచుకుంటారు. ప్యానెల్ భువనేశ్వర్ నుంచి వచ్చినా, విశాఖపట్నం నుంచి వచ్చినా, రెండు భాషల్లో బేరమాడగల మనిషి వాళ్లకి లాభమే. ఒడియా మాట్లాడతాను, చదవడంలో తడబడతాను అనేది నిజమైతే అలాగే చెప్పాలి. చదవడం కూడా వచ్చని అబద్ధమాడితే, బల్లమీది ఒడియా పేపరు ముందుకు తోసి “హెడ్డింగు చదవండి” అంటారు.

లేచే ముందు “తర్వాతి రౌండ్ ఏమిటి, ఎప్పటిలోగా తెలుస్తుంది?” అని అడిగి తేదీ రాసుకోవాలి. ముగ్గురికీ పేరుపేరునా థాంక్స్ చెప్పాలి. పేరు గుర్తులేకపోతే తప్పుగా పిలిచేకంటే “సార్”, “మేడమ్” మేలు. వాళ్లు చెయ్యి చాచితే షేక్‌హ్యాండ్, లేకపోతే నమస్కారం. కాళ్లకి దండం పెట్టబోయేవాళ్లు ఇంకా ఉన్నారు, వద్దు, వాళ్లే ఇబ్బంది పడతారు. కుర్చీ సర్ది, తలుపు మెల్లగా వేసి బయటికొచ్చాక కారిడార్లోనే ఫోన్ తీసి “బాగా చేశాన్రా” అని అరవకూడదు, వినబడుతుంది. వీడియో ఇంటర్వ్యూ అయితే వాళ్లు కట్ చేశాకే మనం కట్ చేయాలి.

ఆ సాయంత్రమే హెచ్ఆర్‌కి మెయిల్ పంపాలి, ఐదారు వాక్యాలు. పోస్టు పేరు, టెరిటరీ సబ్జెక్టు లైన్లోనే ఉండాలి. ప్యానెల్ లేవనెత్తిన ఒక సందేహానికి ఒక వాక్యం అదనపు జవాబు, ఇస్తామన్న కాగితం ఏదైనా ఉంటే జత, మిగతా ఇద్దరికీ కృతజ్ఞతలు చెప్పమని ఒక మాట. పేర్ల స్పెల్లింగు కాల్ లెటర్‌తో సరిచూసుకోవాలి. రాత్రి పదింటికి ఏరియా మేనేజర్ వాట్సాప్‌కి గుడ్‌నైట్ బొమ్మ పంపొద్దు. వాళ్లు చెప్పిన తేదీ దాటాక రెండు పనిదినాలు ఆగి ఒక ఫోన్ చేయవచ్చు, ఉదయం 11 తర్వాత. ఆ వేళకి మార్నింగ్ మీటింగులు అయిపోయి ఉంటాయి.

ఇట్లు,
సేల్స్ నియామకాలు చూసే కొందరం,
బరంపురం, గంజాం జిల్లా