పత్రికలు పూర్తయ్యాయి, కాకా

రాత్రి ఒంటిగంట దాటింది. రెండు వందల పెళ్లి పత్రికలకు నాలుగు మూలలా పసుపు పెట్టి ఇప్పుడే లేచాను. వేళ్లు ఇంకా పచ్చగానే ఉన్నాయి, కళ్లు మండుతున్నాయి, కానీ నేను కాకా అని పిలిచే ఒకాయన గురించి రాయకుండా పడుకోలేను.

వరంగల్, హనుమకొండల్లో నేను తిరిగిన షాపుల్లో ఒక్కో కార్డు 32 రూపాయలు, పైగా 500కు తక్కువైతే వేయం అన్నారు. అంటే 16,000. మాకు కావాల్సింది 200. అందుకే ఖిలా వరంగల్ కీర్తి తోరణం బొమ్మ గీసుకుని, కింద అక్షరాలు పెట్టి ఇంట్లోనే డిజైన్ చేసుకున్నాను. ఒకచోట ప్రింట్‌కిస్తే, 40 షీట్లు వచ్చాక చూద్దును కదా, ఒత్తులన్నీ విడిపోయి ‘విచ్చేసి’ కాస్తా ‘విచ్‌చేసి’ అయింది. నా ఫోన్‌లో బాగానే ఉంది. ‘ఫైల్ మీది, మాకు సంబంధం లేదు’ అని 640 రూపాయలు తీసుకున్నారు. ఇంతమంది మాట్లాడే భాషకు ఇప్పటికీ ఒక ఒత్తు సరిగ్గా పడకపోవడం ఏమిటి? ఆ నష్టం ప్రతిసారీ రాయించుకునే వాళ్ల మీదే ఎందుకు పడాలి? తక్కువ కార్డులు కావాల్సిన వాళ్లకు పెళ్లిళ్లు కావా?

ఆ షీట్లు పట్టుకుని చౌరస్తా వెనక గల్లీలో నడుస్తుంటే ఒక చిన్న స్క్రీన్ ప్రింటింగ్ షాపు కనిపించింది. అరవై దాటిన పెద్దాయన షట్టర్ దించబోతున్నాడు. నా మొహం చూసి మళ్లీ పైకెత్తాడు.

పాత కంప్యూటర్ ముందు కూర్చుని మొత్తం మళ్లీ టైప్ చేశాడు. ‘ముహుర్తం’ అని రాసుకొచ్చిన చోట దీర్ఘం పెట్టాడు. రంగులెందుకు, క్రీమ్ అట్ట మీద మెరూన్ ఒక్కటి చాలు, ఖర్చు తగ్గుతుందన్నాడు. మందం అట్టను ఊరికే మడిస్తే పగులుతుందని, ముందు గీత నొక్కి, అప్పుడు మడవాలని చేసి చూపించాడు. మధ్యలో కరెంటు పోతే నా ఫోన్ లైట్‌లోనే పని చేశాడు.

చివర్లో ఆగి అడిగాడు: ‘బాపు పేరు ముందు కీ.శే. పెట్టినవ్. ఆహ్వానించేవాళ్ల దగ్గర మీ పెదనాన్న పేరే ఉంది. అమ్మ పేరేది బిడ్డా?’

ఇంట్లో పెద్దవాళ్లు అట్లా రాసిచ్చారు, నేనూ అట్లాగే దించాను. నాన్న పోయి తొమ్మిదేళ్లు. మిషన్ కుట్టి నన్ను చదివించింది అమ్మ. నాకు నోట మాట రాలేదు, అక్కడే ఏడ్చేశాను. ఆయన మంచినీళ్ల గ్లాసు నా పక్కన పెట్టి, అటు తిరిగి ఇంకు కలుపుకుంటూ కూర్చున్నాడు. అమ్మకు ఫోన్ చేస్తే చాలాసేపు పలకలేదు, తర్వాత ‘పెట్టించు’ అంది. పెదనాన్న కూడా మంచిదే అన్నారు. ఇప్పుడు ఆ వరసలో మొదటి పేరు అమ్మదే.

అట్టకు, ఇంకుకు 1,400 తీసుకున్నాడు. టైపింగ్‌కు, మూడు సాయంత్రాల కష్టానికి ఎంత బతిమాలినా రూపాయి ముట్టలేదు. 200 కవర్లకు 600. పాడైన షీట్లతో కలిపి మొత్తం 2,640 రూపాయలు.

అమ్మ, తమ్ముడు, పిన్ని పిల్లలు మడతలు పెట్టారు, కవర్ల మీద పేర్లు రాశారు. వాళ్లకు వేరే చెప్పేదేముంది.

మొదటి పత్రిక భద్రకాళి అమ్మవారి దగ్గర పెట్టి, రెండోది కాకాకు ఇవ్వడానికి పొద్దున్నే వెళ్తాం, అమ్మ కూడా వస్తానంది.

అయ్యో, మర్చిపోయాను, ఫోన్‌లోనే లగ్నం వివరాలు రెండుసార్లు సరిచూసిన అయ్యగారికి, ఆ రాత్రి గల్లీ చివర గంటసేపు ఆగి వెయిటింగ్ డబ్బులు తీసుకోని ఆటో అన్నకు దండాలు. కరీంనగర్ చుట్టాల కట్ట తడవకుండా ప్లాస్టిక్ కవర్ చుట్టిస్తానన్న ఆర్టీసీ కార్గో కౌంటర్ అక్కకు కూడా. పక్కింటి ఆంటీ, పసుపు మీరిచ్చిందే, గిన్నె రేపు తెచ్చిస్తాను.