అమ్మలూ, ఆ పీప్ సైట్ కొనే ముందు

బాలానగర్, హైదరాబాద్
ఆదివారం రాత్రి

అమ్మలూ,

నీ ఎయిర్ రైఫిల్‌కి కొందామని నువ్వు పంపిన మూడు పార్టుల ఫొటోలూ చూశాను. ఫోన్‌లో చెబుదామనుకున్నాను. కానీ రేంజ్ నుంచి హాస్టల్‌కి వచ్చేసరికి నీకు ఓపిక ఉండదు, సగం విని "సరే నాన్నా" అనేస్తావు. ఇది సగం వినే విషయం కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. పార్సిల్‌తో పాటు పుణెకి చేరుతుంది.

"మీ మీద భారం పడకుండా తక్కువలో చూసుకుంటున్నా" అని రాశావు చూడు, అది చదివి మీ అమ్మ చాలాసేపు ఏం మాట్లాడలేదు. తక్కువలో కొనడం తప్పని నేనెప్పుడూ అనను. 26 ఏళ్లుగా టూల్ రూమ్‌లో ఉన్నవాణ్ణి. వెయ్యి రూపాయల పార్ట్ మూలన పడి, వంద రూపాయల పార్ట్ పదేళ్లు పని చేయడం నా కళ్లతో చూశాను. అయితే నువ్వు చిన్న రంధ్రంలోంచి గురి చూసే పీప్ సైట్‌నీ, గాలి నింపే సిలిండర్‌నీ, భుజానికి ఆనించే బట్ ప్లేట్‌నీ ఒకే గాటన కట్టి మూడింట్లోనూ డబ్బు మిగుల్చుదామని చూశావు. నాకు టెన్షన్ అక్కడే మొదలైంది.

నువ్వు ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా మనం కొన్న సైట్ గుర్తుందా? ఒరిజినల్ ధరలో పదో వంతు. చూడ్డానికి అచ్చం ఒరిజినలే. నల్లటి ఫినిషింగ్, తిప్పితే టక్ టక్‌మని క్లిక్కులు. అది పెట్టాక రెండు నెలలు నీ స్కోర్ పడిపోతూ వచ్చింది. నువ్వు నిలబడే తీరు మార్పించాం. మోచెయ్యి ఆనించే చోటు మార్పించాం. కంటి డాక్టర్‌కి కూడా చూపించాం. స్టేట్ సెలక్షన్ నుంచి తిరిగి వస్తూ బస్సులో కిటికీ వైపు మొహం తిప్పుకుని ఏడ్చావు. నేను చూడలేదనుకున్నావు. చూశాను.

ఆ తర్వాతి ఆదివారం రైఫిల్‌ని మా షాపుకి తీసుకెళ్లాను. సర్ఫేస్ ప్లేట్ మీద వి-బ్లాకుల్లో పడుకోబెట్టి, మ్యాగ్నెట్ స్టాండ్‌కి డయల్ గేజ్ బిగించి, దాని మొన సైట్ పక్కన ఆనించాను. వేలితో మెల్లగా అటొకసారి, ఇటొకసారి తోశాను. ముల్లు 8 గీతలు కదిలింది. ఆ గేజ్‌లో ఒక్కో గీత 0.01 మిల్లీమీటర్. కదిలితే కదిలింది, వేలు తీశాక సున్నాకైనా రావాలి కదా? రాలేదు. ఒకసారి 3 దగ్గర ఆగింది, ఇంకోసారి 6 దగ్గర ఆగింది. సైట్ ఊడదీసి, దాని క్లాంప్‌కి మార్కింగ్ బ్లూ పూసి, రైఫిల్ మీద సైట్ కూర్చునే 11 మిల్లీమీటర్ల పట్టా, అదే డవ్‌టెయిల్ మీద మళ్లీ బిగించి విప్పాను. క్లాంప్ పొడవునా నీలం అంటాలి. ఒక్క మూలన గోరంత మచ్చ అంటింది, అంతే. నువ్వు అరవై షాట్లూ కొట్టింది ఆ ఒక్క మూల ఆధారం మీదే.

0.08 మిల్లీమీటర్ అంటే ఎంత, కాగితం మందమంత కూడా లేదు. కానీ నీ ముందు సైట్‌కీ వెనక సైట్‌కీ మధ్య దూరం సుమారు 80 సెంటీమీటర్లు, టార్గెట్ 10 మీటర్ల దూరం. అంటే వెనక జరిగినది అక్కడికి పన్నెండున్నర రెట్లవుతుంది. 0.08 కాస్తా 1 మిల్లీమీటర్. మన టార్గెట్‌లో 0.25 మిల్లీమీటర్‌కి ఒక పదో వంతు పాయింట్ పోతుంది కాబట్టి, నువ్వు 10.2 కొట్టిన షాట్ నీ తప్పేమీ లేకుండానే 9.8 అయిపోగలదు. పైగా ప్రతిసారీ ఒకే వైపు జరగదు, కాబట్టి క్లిక్కులతో సరిదిద్దుకోవడానికీ వీలుండదు.

ఆ రోజు గేజ్ ముందు కూర్చుని నాకు బాధేసింది, ఆ సైట్‌కి పెట్టిన డబ్బు గురించి కాదు. రెండు నెలలు లేని తప్పు నీలో వెతికాం. నువ్వూ నమ్మేశావు. బాగున్న పొజిషన్‌ని పాడుచేసుకున్నావు. దాన్ని మళ్లీ దారిలో పెట్టడానికి ఎండాకాలం మొత్తం పట్టింది. అప్పటి నుంచి నాకు ఒకటే లెక్క. షాట్ పక్కకి పోయినప్పుడు అది నీ వల్లో, రైఫిల్ వల్లో తెలియకుండా చేసే పార్ట్ ఏదైనా సరే, ఊరికే ఇచ్చినా మనకొద్దు.

అలాగని ఇప్పుడు నువ్వు చూసిన సైట్ కూడా అలాగే ఉంటుందని అనను. చవక పార్టుల్లో మంచి పీసులూ వస్తాయి. అదే కంపెనీ, అదే మోడల్, ఒకటి బ్రహ్మాండంగా ఉంటుంది, పక్క డబ్బాలోది వదులుగా ఉంటుంది. మా షాపులో ఒక జాబ్ వంద పీసులు చేస్తే ప్రతిదాన్నీ కొలుస్తాం, కొలతకి రానివి రిజెక్ట్ డబ్బాలో వేస్తాం. ఆ కొలిచే మనిషి జీతం, ఆ పారేసిన పీసుల ఖర్చు, రెండూ బాగున్న పీసు ధరలో కలుస్తాయి. చవకగా అమ్మేవాడు చాలాసార్లు మిగుల్చుకునేది అక్కడే. కొలిచే పని కొన్నవాడికి వదిలేస్తాడు. ఆ పని మనం చేసుకోగలిగితే చవకది కొనడంలో నిజంగానే లాభం ఉంది. చేసుకోలేకపోతే జూదం ఆడినట్టే.

కాబట్టి ఆ సైట్ కొనాలనుంటే, వెనక్కి తీసుకుంటానన్న చోటే కొను. వచ్చిన రోజే పరీక్ష పెట్టు. మీ రేంజ్‌లో బారెల్ బిగించి పెల్లెట్లు పరీక్షించే వైస్ ఉంటుంది కదా, దాన్ని నమ్ముకోకు, ఈ పరీక్షలో అది ఉపయోగపడదు. అందులో బిగిస్తే బారెల్ కదలదు, సైట్ ఎటు తిరిగినా పెల్లెట్ అక్కడే పడుతుంది. రైఫిల్‌ని మెత్తటి దిండు మీద ఆనించి, సైట్‌లోంచి చూసి గురిపెట్టి 5 షాట్లు కొట్టు. తర్వాత 10 క్లిక్కులు పైకి, 5 షాట్లు. 10 కుడికి, 5 షాట్లు. 10 కిందికి, 10 ఎడమకి, ప్రతిసారీ ఐదైదు. చివరి గ్రూప్ వచ్చి మొదటి గ్రూప్ మీద కూర్చోవాలి. కూర్చోకపోతే లోపలి స్క్రూలో బ్యాక్‌లాష్, అంటే వదులు ఉన్నట్టు. తర్వాత సైట్ పూర్తిగా ఊడదీసి మళ్లీ బిగించి ఇంకో 5 కొట్టు. ఇవన్నీ నిలబడితే నాకు ఏ అభ్యంతరమూ లేదు, దాని మీద ఎవరి పేరున్నా సరే. నిలబడకపోతే ఆ సాయంత్రమే తిరిగి పంపించెయ్. "కొద్దిగానే కదా" అని ఉంచుకోకు.

సిలిండర్ విషయంలో మాత్రం నేను బేరం ఆడను. తన సిలిండర్ నీకు ఇస్తానన్న మీ సీనియర్ అక్క మంచిదే, మోసం చేసే పిల్ల కాదని నాకూ తెలుసు. కానీ సిలిండర్ వయసు చెప్పేది దాని మీద చెక్కిన తేదీ. మ్యాచ్ రైఫిళ్ల ఎయిర్ సిలిండర్లకు తయారీదారులు మామూలుగా 10 ఏళ్ల గడువు ఇస్తారు. గడువు లోపల ఉందో లేదో చూసుకోవాల్సిన బాధ్యత షూటర్‌దేనని అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య ఐఎస్‌ఎస్‌ఎఫ్ నియమాల్లోనే ఉంది. కారు టైర్లో గాలి 2 బార్ చిల్లర ఉంటుంది. నువ్వు ముఖానికి మూరెడు దూరంలో, ఎడమ చేతి పక్కనే పెట్టుకునేదాంట్లో 200 బార్. ఆ ఫొటోలో తేదీ ఉండాల్సిన చోట స్టిక్కర్ అంటించి ఉంది. దాన్ని పీకించి చూడు. గడువు దాటిందంటే వంద రూపాయలకిచ్చినా వద్దు. గడువు ఇంకా ఉన్నా, కింద పడిన సొట్టగానీ, థ్రెడ్ దగ్గర గీతగానీ, ఎవరైనా మళ్లీ రంగు వేసిన గుర్తుగానీ కనిపిస్తే వద్దు. కొత్తదానికి డబ్బు నేను పంపుతాను. ఇందులో మొహమాటం వద్దమ్మా.

ఇంకా గాలి బయటికి పోకుండా ఆపే రబ్బరు ఓ-రింగులు. కొన్ని రూపాయల వస్తువు, అది చీలితే లక్షల రైఫిల్ ఆగిపోతుంది. నీ రైఫిల్ పుస్తకంలో ఉన్న సైజులు చూసి ఒక్కోటీ రెండేసి పెట్టాను. వాటికి పూయడానికి సిలికోన్ గ్రీజు ట్యూబ్ కూడా ఉంది. హాస్టల్లో ఎవరో సైకిల్‌కి వేసే నూనె ఇస్తే పూయకు. అంత ఒత్తిడిలో పెట్రోలియం నూనె అంటుకునే ప్రమాదం ఉంది.

బట్ ప్లేట్‌కి మాత్రం అంత డబ్బు అవసరమే లేదు. నువ్వు చూసిన చవకది తీసుకో. అది చేయాల్సింది ఒకటే, నువ్వు పెట్టిన చోట కదలకుండా ఉండటం. రాగానే అద్దం మీద బోర్లా పెట్టి నాలుగు మూలలూ నొక్కి చూడు, ఊగకూడదు. దాని స్క్రూలు మంచివి కావని ఫొటోలోనే తెలుస్తోంది. అందుకే తలమీద 12.9 అని గుర్తున్న అలెన్ బోల్టులు పంపుతున్నాను, అవి వేసుకో. సరిగ్గా కుదిరాక మార్కర్‌తో గీత గీసి పెట్టుకో, జరిగితే వెంటనే కనిపిస్తుంది. బరువులు నేనే లేత్ మీద తిప్పాను, స్టీల్‌వి, నాలుగున్నాయి. అన్నీ తగిలించాక రైఫిల్ మొత్తం 5.5 కిలోలు దాటకూడదు, మీ రేంజ్ కాటా మీద చూసుకో.

పెల్లెట్ల గురించి నువ్వు అడగలేదు, అయినా చెబుతాను. ప్రాక్టీస్‌కి చవకవి వాడుతున్నావు, మంచిదే. పెల్లెట్ లేకుండా ఊరికే ట్రిగ్గర్ నొక్కే డ్రై ఫైర్‌కి అదీ అక్కర్లేదు. మ్యాచ్ పెల్లెట్లు మాత్రం పేరు చూసి కొనకు. ఖరీదైన డబ్బా నీ బారెల్‌కి సరిపడాలని రూలేం లేదు. 4.49, 4.50 మిల్లీమీటర్ల రెండు సైజుల్లోనూ తలా ఒక డబ్బా తీసుకుని, ఇక్కడ మాత్రం ఆ వైస్‌లోనే బిగించి, పదేసి షాట్లు కొట్టు. చిన్న రంధ్రం దేనికి పడితే దాని లాట్ నంబర్ రాసుకుని అదే లాట్ తెచ్చుకో. డబ్బాలో 500 ఉంటాయి. ముందు గురి సరిచూసుకునే సైటర్లతో కలిపి మ్యాచ్‌కి వంద అనుకున్నా ఐదు మ్యాచ్‌లు వస్తాయి. అక్కడ మిగుల్చుకునేదేముంది చెప్పు?

మంచిది కొన్నంత మాత్రాన విరగదనీ కాదు. టోక్యో ఒలింపిక్స్‌లో 2021 జులై 25న మను భాకర్ పిస్టల్ క్వాలిఫికేషన్ మధ్యలో పాడైంది. బాగు చేయించుకుని వచ్చేసరికి విలువైన నిమిషాలు పోయాయి. ఆ అమ్మాయి 575 కొట్టి 12వ స్థానంలో ఆగింది, ఫైనల్‌కి చేరిన ఎనిమిదో షూటర్ స్కోర్ 577. ఆ రోజు టీవీ ముందు నువ్వు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నావు. అందుకే ఏది కొన్నా, దాని స్పేర్ ఇక్కడ దొరుకుతుందో లేదో ముందు అడుగు. బట్ ప్లేట్‌లో మిగిలిన డబ్బు స్పేర్లకి పెట్టు. నీకు 75 నిమిషాల్లో 60 షాట్లు కొట్టాల్సి ఉంటుంది, పార్ట్ కోసం ఊరంతా తిరిగే టైం ఉండదు.

సిలిండర్ మీది తేదీ ఫొటో తీసి రేపు పంపు, స్టిక్కర్ కింద ఏముందో స్పష్టంగా కనిపించాలి. అది చూసేదాకా ఆ అక్కకి మాట ఇవ్వకు. సైట్ పరీక్ష కాగితాలు పారేయకు, ఆరు గ్రూపులూ ఉన్నవి నాకు పోస్టులో పంపు, నేను కొలిచి చెబుతాను.

మీ అమ్మ సున్నుండలు పెట్టింది, బోల్టులు, గ్రీజు పక్కన కాకుండా వేరే డబ్బాలో. రేంజ్ నుంచి రాగానే తినేయకు. పెల్లెట్లు సీసం కదా, చేతులు సబ్బుతో బాగా కడుక్కుని తిను.

నాన్న