యక్షుడు మేఘానికి పని చెప్పలేదు, వరస కలిపాడు

సంపాదకుడు గారికి,

నమస్కారం. గత ఆదివారం మీ సాహిత్య పేజీలో కాళిదాసు మేఘసందేశం మీద వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. కుబేరుడి శాపంతో ఏడాదిపాటు భార్యకు దూరమైన యక్షుడు, ఆషాఢంలో కనిపించిన మబ్బు చేత అలకాపురిలోని ఆమెకు కబురు పంపే కావ్యమది. రాసినవారికి సంస్కృతం నాకంటే ఎన్నో రెట్లు ఎక్కువ తెలుసు, అందులో సందేహం లేదు. కానీ యక్షుడికి మేఘం ఉత్తరం మోసే బంట్రోతు మాత్రమేననీ, కొండలూ నదులూ అతడి విరహానికి వెనక కట్టిన తెరలనీ అన్న చోట ఆగిపోయాను. ముప్ఫై నాలుగేళ్లు మబ్బుల్ని చూసి జీతం తీసుకున్నవాణ్ణి. ఆ మాట మింగుడుపడలేదు.

నేను వాతావరణ పరిశీలకుణ్ణి. పొద్దున ఎనిమిదిన్నరకు వర్షమాపకంలో నీళ్లు కొలవడం, ఆకాశాన్ని మనసులోనే ఎనిమిది వాటాలు వేసి ఎన్ని వాటాలు మబ్బు కమ్మిందో పుస్తకంలో రాయడం, ఇదీ ఉద్యోగం. రాత్రి డ్యూటీలో ఒక్కణ్ణే. పై గాలుల లెక్క కోసం హైడ్రోజన్ బెలూన్ వదిలేవాళ్లం. చీకట్లో కనపడాలని దానికి చిన్న కాగితపు లాంతరు కట్టి, థియోడొలైట్ అనే కోణాలు కొలిచే దుర్బిణిలోంచి నిమిషానికోసారి కోణాలు చూసి రాసుకునేవాళ్లం. మొదటి కాన్పుకు నా భార్య పుట్టింటికి వెళ్లిన ఏడు, ఒక రాత్రి ఆ లాంతరు సరిగ్గా వాళ్ల ఊరి దిక్కుకే మళ్లింది. అరగంటలో పగిలిపోయే రబ్బరు బుడగ అని నాకు తెలుసు. అయినా "మెల్లగా పో, అక్కడ వాళ్లు నిద్రపోతుంటారు" అని పైకే అన్నాను. అన్నాక సిగ్గేసి, ఎవరైనా విన్నారేమోనని వెనక్కి చూశాను. వినడానికి అక్కడ ఎవరున్నారు గనక!

కాళిదాసుకు ఈ సిగ్గు తెలుసు. అందుకే కావ్యం ఇంకా మొదట్లో ఉండగానే ఒప్పేసుకున్నాడు: పొగ, వెలుగు, నీళ్లు, గాలి కలిసిన ముద్ద ఎక్కడ, ప్రాణమున్నవాళ్లు మోయాల్సిన కబురు ఎక్కడ అని. (ఆ పొగ మాట ఉత్త కవిత్వం కాదండోయ్. పొగ కణమో, ధూళి కణమో, ఉప్పు కణమో ఆసరా దొరికితే తప్ప గాలిలోని ఆవిరి చినుకు కట్టదు. మాకది శిక్షణలో నేర్పారు.) మేఘం జడమని కవికి తెలిసే యక్షుడి చేత మాట్లాడించాడు. ఇక యక్షుణ్ణి పిచ్చివాడనడానికి ఏముంది?

యక్షుడు ఎలా మాట్లాడాడో చూడండి. కొత్తగా విచ్చిన కొండమల్లెలు చేతపట్టి ముందు స్వాగతం చెప్పాడు. తర్వాత, అలకాపురిలో నువ్వు చూడబోయేది నీ వదినను సుమా అన్నాడు. మూలంలో ఉన్న మాట 'భ్రాతృజాయ', అన్న భార్య. నాకు కావ్యమంతా ఆ ఒక్క మాటలో ఉంది. బంట్రోతుకు ఎవరైనా తన భార్యను వదినగా చూపిస్తారా? ఎనిమిది నెలలుగా పలకరించే మనిషి లేక, చేతి కంకణం జారిపోయేంత చిక్కినవాడు మబ్బుతో వరస కలుపుకుంటున్నాడు. భార్య మీద బెంగ ఎలాగూ ఉంది. దానికి తోడు ఇప్పటికిప్పుడు పక్కన ఒక తమ్ముడు కావలసి వచ్చింది.

వరస కలిశాక దారి చెప్పే తీరే మారిపోయింది. అలిసిపోతే కొండల మీద ఆగు, చిక్కిపోతే నదుల నీళ్లు తాగు అంటాడు. కార్చిచ్చు నీ వానతో ఆర్పావు గనక ఆమ్రకూటం కొండ నిన్ను నెత్తిన పెట్టుకుంటుందంటాడు. రేవానది, అంటే నర్మద, నీళ్లు తాగి బరువెక్కితే గాలి నిన్ను ఎగరేయలేదంటాడు. (వృత్తిరీత్యా దీన్ని నేను ఒప్పుకోను. ఎంత నీరున్నా మబ్బు గాలి వెంటే పోతుంది. అన్నగారి జాగ్రత్త కాబట్టి వదిలేస్తున్నాను.) కబురు త్వరగా చేరడమే ముఖ్యమైతే చుట్టుదారి అయినా సరే ఉజ్జయిని చూసి వెళ్లమని చెబుతాడా? అక్కడ రాత్రికి పావురాలు నిద్రపోయే ఏదో ఇంటికప్పు మీద పడుకోమంటాడు, ఎందుకంటే అంతసేపు మెరిసి మెరిసి నీ భార్య మెరుపు అలిసిపోయి ఉంటుందట. తన భార్య దగ్గరికి పంపుతూ ఎదుటివాడి భార్య అలసట తలచుకున్నాడు.

తిథుల గొడవ కూడా మీ వ్యాసంలో ఉంది. శాపం తీరేది విష్ణువు నిద్ర లేచే కార్తీక శుద్ధ ఏకాదశికి. ఇంకా నాలుగు నెలలే అంటాడు యక్షుడు. ఆషాఢం మొదటి రోజు నుంచి లెక్కేస్తే పది రోజులు ఎక్కువొస్తాయి. అందుకని, యక్షుడు మబ్బును చూసిన రోజు చెప్పే శ్లోకంలోని 'ప్రథమ'ను 'ప్రశమ' అని చదివి ఆషాఢం చివరి రోజన్నవాళ్లున్నారు. ఈ కావ్యానికి వ్యాఖ్య రాసిన మన మెదకు సీమ కొలిచారం మల్లినాథసూరి దాన్ని ఒప్పుకోలేదు. ఆయన శాస్త్రం ఆయనది, నా అనుభవం నాది. ఒంటరిగా రోజులు లెక్కపెట్టేవాడు ఎప్పుడూ తక్కువే చెబుతాడు. నేను ఇంటికి రాసిన ఉత్తరాల్లో నలభై రోజులు ఎప్పుడూ నెలే.

ఇక మేఘం. ఒక్క మాటా బదులు చెప్పదు. నువ్వు మాట్లాడకపోతే కాదన్నట్టు అనుకోను, అడిగిన చాతకానికి కిమ్మనకుండానే నీళ్లిస్తావుగా అని యక్షుడే సర్దుకుంటాడు. ఈ నిశ్శబ్దం భరించలేక కాబోలు, తర్వాతి కాలంలో ఎవరో కొసకు శ్లోకాలు అతికించారు. వాటిలో మబ్బు కబురు కుబేరుడి చెవిన పడుతుంది, ఆయన కరిగి శాపం ఎత్తేస్తాడు. మంచి మనసుతోనే అతికించి ఉంటారు. నాకు మాత్రం వద్దు. మా బెలూన్లూ ఎప్పుడూ తిరిగి రాలేదు.

కాళిదాసు ఆగిన చోట యక్షుడు తన కోసం ఇంకేమీ అడగడు. ఈ పని చేసిపెట్టి నీకిష్టమైన దేశాలు తిరుగు, నీకు మాత్రం మెరుపుతో ఒక్క క్షణమైనా ఎడబాటు రాకూడదు అని దీవించి పంపుతాడు. మీ వ్యాసంలో ఈ చివరి శ్లోకం ప్రస్తావన లేదు. స్థలం చాలక వదిలేశారేమో. వచ్చే వారం నాలుగు పాదాలకు చోటు దొరికితే వేయగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత వాతావరణ పరిశీలకుడు