నొప్పి క్యాన్సర్ రోగులకేనా?

సంపాదకుడు గారికి,

పాలియేటివ్ కేర్ అనగానే మనవాళ్లకు క్యాన్సరో, ఆఖరి రోజులో గుర్తొస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క చూడండి: ఈ ఉపశమన చికిత్స అవసరమైన పెద్దవాళ్లలో గుండె, రక్తనాళాల జబ్బులవాళ్లు 38.5 శాతం, క్యాన్సర్ రోగులు 34 శాతం. అవసరమైనవాళ్లలో అది అందుతున్నది ప్రపంచం మొత్తమ్మీద దాదాపు 14 శాతానికే.

మిగతావాళ్లు మన జనరల్ వార్డుల్లోనే ఉన్నారు. నేను శ్రీకాకుళం జిల్లాలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. ఉద్దానం కిడ్నీ రోగులకు డయాలసిస్ అందుతోంది, సంతోషం. కానీ రాత్రంతా నిద్ర పట్టనివ్వని దురద, కాళ్ల పీకులు, వికారం గురించి రౌండ్స్‌లో అడిగేదెవరు? మా కేస్ షీట్లలో బీపీ, పల్స్, టెంపరేచర్ రాసేవాళ్లం. నొప్పి ఎంతుందో రాయడానికి గడే ఉండేది కాదు. ఆయాసం రోగులు పడుకుంటే ఊపిరాడక, ఒళ్లో తలగడ పెట్టుకుని ముందుకు వంగి తెల్లవార్లూ కూర్చునేవారు. పక్కన భార్య అట్టముక్కతో విసురుతుండేది. ముఖానికి గాలి తగిలితే ఆయాసం కాస్త తగ్గుతుంది, నువ్వు చేస్తున్నది మంచిపనేనమ్మా అని ఆమెకు చెప్పే తీరిక కూడా మాకు ఉండేది కాదు.

కిడ్నీ రోగికి నొప్పి వస్తే మామూలు నొప్పి మాత్రలు చాలావరకు పనికిరావు, కిడ్నీలు ఇంకా దెబ్బతింటాయి. తీవ్రమైన నొప్పికి వాడే, నల్లమందు నుంచి తీసే మార్ఫిన్ కూడా వాళ్ల ఒంట్లో పేరుకుపోతుంది. ఏ మందు ఎంత ఇవ్వాలో తెలిసిన డాక్టరు కావాలి. ఆ శిక్షణే మన దగ్గర కరువు. అందుకే "ఇక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్లండి" అనే మాట అంత తొందరగా వచ్చేస్తుంది. చేయాల్సింది చాలా ఉంది!

చట్టం అడ్డమా అంటే అదీ కాదు. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించి, మార్ఫిన్ కోసం ఆసుపత్రులు రకరకాల లైసెన్సుల చుట్టూ తిరగాల్సిన పని లేకుండా చేశారు. పాలియేటివ్ కేర్ కోసం కేంద్రం 2012లోనే జాతీయ కార్యక్రమం తెచ్చింది. కేరళ అయితే 2008లోనే సొంత విధానం ప్రకటించి, ఇంటింటికీ నర్సులను పంపుతోంది.

ప్రతి జిల్లా ఆసుపత్రిలో శిక్షణ పొందిన ఒక డాక్టరును, ఇద్దరు నర్సులను ఈ పనికే కేటాయించాలి. వాళ్లు క్యాన్సర్ వార్డుకే పరిమితం కాకుండా మెడికల్ వార్డుల్లోనూ రోజూ తిరగాలి. డిశ్చార్జి చీటీ మీద, రాత్రిపూట నొప్పి ఎక్కువైతే ఫోన్ చేయడానికి ఒక నంబరు రాసివ్వాలి. వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారు దీనిపై ఉత్తర్వులు ఇవ్వాలని కోరుతున్నాను.

– రిటైర్డ్ స్టాఫ్ నర్సు, శ్రీకాకుళం జిల్లా