మైపాడు బస్సులో అమ్మకి సీటిచ్చిన చెల్లికి థ్యాంక్స్

ఆదివారం సాయంత్రం మైపాడు బీచ్ నుంచి నెల్లూరొచ్చే పల్లెవెలుగులో మా అమ్మకి సీటిచ్చిన పచ్చ చున్నీ చెల్లీ, నీ పేరన్నా అడగలేదమ్మా. 2025 ఆగస్టు 15 నుంచి ఆడోళ్ళకి ఛార్జీ లేదు కదా, సెలవు రోజు కాలు పెట్టే సందుండదు, అమ్మకేమో మోకాళ్ళ నొప్పులు, కమ్మీ పట్టుకుని నిలబడింది పాపం. నాకు ఎవర్నీ అడగడానికి నోరు రాలా. నువ్వే చూసి లేచావ్, ఊరికే లేస్తే పక్కనోళ్ళు కూర్చునేస్తారని సీట్లో నీ బ్యాగు పెట్టి దానిమీద చెయ్యేసి అమ్మ జనంలోంచి వచ్చిందాకా అట్నే వంగి నిలబడ్డావ్ చూడు, సీటివ్వడమంటే అదీ! "కూర్చో పెద్దమ్మా, నేను ముందే దిగిపోతాలే" అన్నావ్, తీరా చూస్తే నెల్లూర్లో మైపాడు గేటు దాకా నిలబడే వచ్చావ్. ఇంటికొచ్చినాక అమ్మ నీ గురించే అడగతా ఉంది. చాలా థ్యాంక్స్ తల్లీ.