క్రెడిట్ల లెక్కలో తరగతి బయటి గంటలకూ చోటివ్వండి

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. కర్నూలులో డిగ్రీ విద్యార్థులకు పాఠాలు చెప్పే అధ్యాపకుడిగా, చదువును గంటల్లో కొలిచే క్రెడిట్ల లెక్కలో ఎవరికీ పట్టని ఒక భాగాన్ని మీ దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022లో ఇచ్చిన నిబంధనల ప్రకారం థియరీలో ఒక క్రెడిట్ అంటే సెమిస్టరుకు 15 గంటల పాఠం. 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ విధానం మాత్రం ఏడాది చదువును 1,200 గంటలుగా, 40 క్రెడిట్లుగా, అంటే క్రెడిట్‌కు 30 గంటలుగా లెక్కగట్టింది. ఇందులో తరగతితో పాటు సొంతంగా చదువుకోవడం, అసైన్‌మెంట్లు, పరీక్షలకు సిద్ధం కావడం కూడా కలిసే ఉన్నాయి. సెమిస్టరుకు 20 క్రెడిట్లు ఉండి, అన్నీ థియరీ పేపర్లే అనుకుంటే, 300 గంటలు తరగతిలో గడుస్తాయి, మిగిలిన 300 గంటలు విద్యార్థి బయట చదువుకోవాలి. 15 వారాలకు పంచితే ఆదివారాలతో సహా రోజుకు దాదాపు మూడు గంటలు. ఈ మూడు గంటల ప్రస్తావన మా టైంటేబుల్లో లేదు, నేను బోధించే సిలబస్‌లోనూ లేదు.

లేకపోవడం వల్ల నష్టపోయేది ఎవరో మా ప్రాంతంలో స్పష్టంగా కనిపిస్తుంది. సాయంత్రం బస్టాండులో పత్తికొండ బస్సు కోసం ఎదురుచూస్తూ, ఒళ్లో బ్యాగు, దాని మీద రికార్డు పెట్టుకుని, ఆకు అడ్డుకోత బొమ్మకు పేర్లు రాసుకునే అమ్మాయిలను నేను తరచూ చూస్తుంటాను. ఇల్లు చేరాక వాళ్లకు పనులు ఎదురుచూస్తుంటాయి. ఇక మిరపకోతల కాలం వచ్చిందంటే కోసిగి, పెద్దకడబూరు వైపు ఎన్నో కుటుంబాలు గుంటూరు ప్రాంతానికి సుగ్గికి, అంటే కూలి పనుల కోసం వలస, వెళ్తాయి. తల్లిదండ్రుల వెంట వెళ్లిన విద్యార్థి కనీసం హాజరు పట్టీలో గైర్హాజరుగానైనా కనబడతాడు. ఇంటి దగ్గరే ఉండి చెల్లెళ్లను, గొడ్లను చూసుకుంటూ రోజూ కళాశాలకు వచ్చే విద్యార్థి హాజరు బాగానే ఉంటుంది గానీ, చదువుకోవలసిన ఆ మూడు గంటలూ ఎక్కడ పోయాయో ఏ పట్టీ చెప్పదు. ఆ విద్యార్థికి తక్కువ మార్కులు వస్తే శ్రద్ధ లేదని తేల్చేయడం అన్యాయం.

దీనికి తోడు, ఏ పేపరు అధ్యాపకుడు ఆ పేపరు పనే ఇస్తాడు. అన్ని పేపర్ల అసైన్‌మెంట్లు, సెమినార్లు, రికార్డులు కలిసి మిడ్ పరీక్షల వారంలోనే వచ్చి పడతాయి. మొత్తం ఎన్ని గంటల పనో కూడిక వేసే బాధ్యత ఎవరికీ లేదు.

అమెరికా కేంద్ర నిబంధన వారానికి ఒక తరగతి గంటకు కనీసం రెండు గంటల బయటి పని ఉండాలంటుంది. యూరప్‌లో విద్యార్థి చేసే మొత్తం పనినే లెక్కలోకి తీసుకుని, క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటలు కడతారు. ఆ అంకెలను మనం యథాతథంగా తెచ్చుకోవాలని నేను అనడం లేదు. విద్యార్థి సమయాన్ని ముందుగా అంచనా వేసి, రాతపూర్వకంగా చెప్పే పద్ధతి మనకు అవసరం. అందరూ ఒకే వేగంతో చదవరన్నది నిజమే, కానీ సగటు విద్యార్థిని దృష్టిలో పెట్టుకునే కదా సిలబస్ రాస్తున్నాం.

అందుచేత ప్రతి పేపరు సిలబస్ మొదటి పేజీలోనే తరగతి గంటలు, బయటి గంటలు విడివిడిగా ముద్రించేలా ఉన్నత విద్యామండలి ద్వారా ఆదేశాలు ఇప్పించాలని కోరుతున్నాను. సెమిస్టరు మొత్తం పని భారాన్ని పాఠ్యప్రణాళికా మండళ్లు కూడి చూడాలి. కళాశాల గ్రంథాలయాలను రాత్రి ఎనిమిది వరకు తెరిచి ఉంచి, ఆ వేళకు పల్లెలకు బస్సులుండేలా ఆర్టీసీతో మాట్లాడాలి. బస్సు లేకుంటే గ్రంథాలయం తెరిచినా మా విద్యార్థులకు ప్రయోజనం ఉండదు. అన్నిటికంటే ముందు, రాయలసీమ, శ్రీకృష్ణదేవరాయ, యోగి వేమన విశ్వవిద్యాలయాల పరిధిలో కొన్ని కళాశాలలను ఎంచుకుని, విద్యార్థుల సమయం నిజంగా ఎలా గడుస్తోందో ఒక సెమిస్టరు పాటు పేర్లు అడగకుండా వాళ్లనే అడిగి తెలుసుకోవాలి. తదుపరి సిలబస్ సవరణ ఆ వివరాల మీద ఆధారపడి జరగాలని మనవి.

భవదీయుడు,
ఒక డిగ్రీ కళాశాల అధ్యాపకుడు,
కర్నూలు